స్కేళ్ళకు పత్యం పెట్టిన రోజులు

ఆ రోజుల్లో శంషాబాద్ పేరు చెబితే ఎవరూ తలెత్తి ఆకాశం వైపు చూసేవారు కాదు. విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. మా నెత్తిమీదుగా పోయేవి హిమాయత్ సాగర్ వైపు ఎగిరే కొంగలు మాత్రమే. ఇప్పుడు నేను "నా మొదటి ఉద్యోగం శంషాబాద్‌లో" అనగానే కొత్తవాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని "ఎయిర్‌పోర్టులోనా?" అంటారు. కాదని చెప్పే ముందు ఒక్క క్షణం ఊరుకుంటాను (మనిషికి ఆ మాత్రం ఆశ ఉండాలి కదా). ఆ తర్వాత నిజం చెబుతాను. నేను పనిచేసింది బెంగుళూరు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో. చేసిన పని తీగలు అతికించడం. వినేవాళ్ళ ముఖంలో ఉత్సాహం అక్కడితో ఆగిపోతుంది. నాది మాత్రం అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఆ తర్వాత చాలా ఉద్యోగాలు చేశాను, చాలా పెద్ద యంత్రాలు చూశాను కానీ, ఆ షెడ్డులో ఒకే ఒక్క పూట నాకు నేను కనిపించినంత గొప్పగా మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు.

మాది రాజేంద్రనగర్. మా బాపు అక్కడి చిన్న దవాఖానలో కంపౌండర్. అమ్మ ఇంటిపని, చర్చి పని రెండూ ఒకే కొంగు బిగించి చేసేది. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా పాసైన వారం రోజుల్లో మా ఇంటికి మూడు టార్చిలైట్లు, ఒక మిక్సీ, చర్చిలోని మైకు వచ్చి చేరాయి. డిప్లొమా అంటే ఇంటిదగ్గరివాళ్ళ లెక్కలో అదీ. మైకు బాగైంది. మిక్సీ మాత్రం నా చేతిలో పడ్డాక ఇంకెవరి చేతికీ లొంగలేదు. అయినా మా బాపు సూదిమందుకు వచ్చిన ప్రతి మనిషికీ, సూది గుచ్చే ముందు, "మా బిడ్డ ఇంజినీరు" అని చెప్పేవాడు. గుచ్చేటప్పుడు ఎవరు మాత్రం కాదంటారు? అలా ఒకరోజు ఆయన చేతికి చిక్కినవారే మా సారు.

సారుది కృష్ణా జిల్లా వైపు. మా వైపు వచ్చి పదేళ్ళైనా ఆయన మాట మారలేదు, మర్యాద తగ్గలేదు. కరెంటు పోతే "కరెంటువారు వెళ్ళిపోయారండీ" అనే రకం. శంషాబాద్‌లో ఆయనకు రెండు లేతులు, ఒక మిల్లింగ్ మిషన్ ఉన్న చిన్న షాపు ఉండేది. ఇనుప పలకలు కోయడం, వాటికి కొలత ప్రకారం రంధ్రాలు వేయడం, కంపెనీలకు పంపడం. నగరంలో జరిగిన ఏదో యంత్రాల ప్రదర్శనకు వెళ్ళి ఆయన అక్కడ డిజిటల్ స్కేళ్ళు చూశారు. మిషన్ బల్ల ఎంత జరిగిందో వెంట్రుక మందంలో పదోవంతు తేడా కూడా తెలిసేలా అంకెల్లో చూపించేవి. మంచివి కొనాలంటే షెడ్డు అమ్మాలి. అందుకని ఎక్కడో తూర్పు దేశంలో తయారైన చవకవి మూడు కొనుక్కొచ్చారు.

ఆ స్కేలు ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే నా గొప్పతనం మీకు తెలియదు. మూరెడు పొడవు స్టీలు పట్టీ. దానిమీద అగ్గిపెట్టెంత ముక్క ఒకటి జారుతూ ఉంటుంది. బల్ల కదిలితే ఆ ముక్క కదులుతుంది, ఎంత కదిలిందో లెక్కపెడుతుంది. ఆ లెక్క ఒక సన్నటి తీగ గుండా వెళ్ళి, మిషన్ పక్కన బిగించిన డబ్బాలో పెద్ద పెద్ద ఎర్రటి అంకెలై కనిపించాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ తీగ స్కేలుకు తగులుకునే చోటు ఉంది చూడండి, అక్కడే తయారు చేసినవాడు పొదుపు చేశాడు. చిన్న సందు, అందులో వరసగా నాలుగు రాగి గీతలు. తీగ మూతి ఆ సందులో దూరి ఆ గీతల్ని ఊరికే ఆనుకుని ఉంటుంది. కొక్కెం లేదు, మర లేదు. ఇంట్లో టేబుల్ మీద పెట్టుకుంటే ఆనుకునే ఉండేదేమో. మిల్లింగ్ మిషన్ పనిచేస్తుంటే నేలే వణుకుతుంది. ఆ వణుకుడుకు తీగ ఒకసారి తగిలేది, ఒకసారి తగిలేది కాదు. అంకెలు పన్నెండు నుంచి మూడువందలకు గెంతేవి, అక్కడినుంచి సున్నాకు పడేవి, ఒక్కోసారి అన్నీ ఆరిపోయి డబ్బా కళ్ళు మూసుకునేది.

ఆ మిల్లింగ్ మిషన్‌మీద పనిచేసేవారు ఉస్తాద్. పహాడీ షరీఫ్ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవారు. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, తెల్లగడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కా (దానిమీద ఒక్క నూనె మరక ఎలా పడకుండా ఉండేదో నాకు ఈరోజుకీ తెలియదు). గోటితో పలక అంచు రాసి "సూత్‌ల సగం ఎక్కువుంది" అనేవారు (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదోవంతు). కొలిచి చూస్తే ఉండేది. నేను చేరిన మొదటి రోజు సారు నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, "ఉస్తాద్‌గారూ, ఈ అమ్మాయి మన స్కేళ్ళను చక్కదిద్దుతుంది" అన్నారు. ఉస్తాద్ నన్ను చూశారు, డబ్బాను చూశారు. డబ్బాలో అప్పుడే ఏడువందల పద్దెనిమిది వచ్చి పోయింది.

"మంచిది బేటీ," అన్నారు. "రోజు పొద్దుగాల లాటరీ నంబర్ ఏం తగిలిందో నాకు జర చెప్తుండు."

లేతుల మీద ఉన్న ఇద్దరూ నవ్వారు. నాకు ముఖం మండింది. వెంటనే స్క్రూడ్రైవర్ తీసి, పుస్తకంలో చదివిన మాటలన్నీ గట్టిగా పలుకుతూ తీగ మూతిని బయటికి లాగి, ఊది, మళ్ళీ దూర్చాను. అంకెలు నిలిచాయి. అరగంట నిలిచాయి. సారు సంతోషం పట్టలేక స్వయంగా వెళ్ళి మిర్చిబజ్జీలు తెచ్చారు. ఆయన పొట్లం విప్పేసరికి డబ్బాలో నాలుగువేల చిల్లర వెలిగింది. బజ్జీలు మాత్రం తిన్నాం.

ఆ తర్వాతి మూడు వారాలు నేను చేసిన ప్రయోగాలు రాస్తే నా డిప్లొమా వెనక్కి తీసుకుంటారేమోనని ఇప్పటికీ భయం. సెలోటేపు చుట్టాను, పలక వేడెక్కకుండా పోసే కూలెంటు నీళ్ళకు ఊడిపోయింది. రబ్బరు బ్యాండ్లు వేశాను, నూనెకు ఉబ్బి తెగిపోయాయి. అగ్గిపుల్ల చెక్కి సందులో బిగించాను. అది ఒకటిన్నర రోజు పనిచేసింది, ఆ ఒకటిన్నర రోజూ నేను షెడ్డులో మెడ నిక్కించి తిరిగాను. ఆఖరికి నా జడ రిబ్బనుతో కట్టాను. ఎర్ర రిబ్బను, రెండు కుచ్చులు. ఉస్తాద్ దాన్ని చాలాసేపు చూసి, "షాదీ ఎప్పుడు బేటీ, మిషన్‌ది?" అన్నారు.

ఇంతలో సారుకు ఒక కబురు వచ్చింది. పంపులు తయారుచేసే కంపెనీ ఒకటి ఏడాది పొడుగునా మాకు పలకల పని ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒక్కటే షరతు. వాళ్ళ చెకింగ్ ఆఫీసరు వస్తాడు, అతని కళ్ళముందే పది పలకలకు రంధ్రాలు వేయాలి, ఒక్కొక్క పలకకు నాలుగు. వాటి మధ్య దూరం ఎక్కడా తేడా రాకూడదు. మా మిషన్ ముసలిది. హ్యాండిల్ తిప్పితే బల్ల వెంటనే కదిలేది కాదు, పావు చుట్టు ఉత్తినే తిరిగేది. హ్యాండిల్ దగ్గర గీతల చక్రం ఒకటి ఉండేది కానీ, ఆ పావు చుట్టును మనసులో తీసేసుకుంటూ ఆ గీతల్ని చదవడం ఉస్తాద్ ఒక్కరికే వచ్చు. సారు మమ్మల్నిద్దర్నీ పిలిచి, "ఈ పని వస్తే నిలబడతాం. రాకపోతే మిషన్‌గారిని అమ్మేసి లేతులతోనే సరిపెట్టుకోవాలండీ," అన్నారు. మిషన్ పోతే ఉస్తాద్ ఎక్కడికి పోవాలో, నేను ఎక్కడికి పోవాలో ఆయన చెప్పలేదు. మర్యాదస్తుడు.

బయటికి వచ్చాక నేను ఉస్తాద్‌తో అన్నాను. "స్కేళ్ళు లేకున్నా మీరు చేస్తరు కద ఉస్తాద్? నలభై ఏండ్ల సంది గీతలే చూస్తున్నరు."

ఆయన నవ్వలేదు. "చేస్త, చేస్త," అని సైకిల్ తాళం వెతుక్కున్నారు. తాళం ఆయన చేతిలోనే ఉంది.

రెండు రోజుల తర్వాత నాకు ముందు బస్సు దొరికి, అరగంట ముందే షెడ్డు చేరాను. ఉస్తాద్ అప్పటికే వచ్చి ఉన్నారు. నన్ను చూడలేదు. నూనెబుడ్డి పట్టుకుని, చిన్నపిల్లల చెవిలో మందు వేసినట్టు మెల్లగా, మూడు స్కేళ్ళకూ చుక్క చుక్క నూనె వేస్తున్నారు. పట్టీ మీద ఒక చుక్క. జారే ముక్క మీద ఒక చుక్క. సరిగ్గా తీగ దూరే ఆ సందులో ఒక చుక్క. తర్వాత గుడ్డతో తుడిచి, డబ్బా స్విచ్ వేసి, ఎర్ర అంకెలు వెలగగానే వాటిని ఒక్కొక్కటిగా పెదవులు కదుపుతూ చదువుకున్నారు. అవి కాసేపటికి గెంతడం మొదలుపెట్టాయి. అప్పుడాయన నిట్టూర్చి, హ్యాండిల్ దగ్గరికి వంగి, గీతల చక్రం చూడబోయారు. ముఖం దగ్గరగా పెట్టారు, దూరంగా పెట్టారు, పక్కకు తిప్పారు. కళ్ళు నలుపుకున్నారు. మళ్ళీ వంగారు. ఆ గీతలు ఆయనకు కనిపించడం లేదు.

నేను చప్పుడు చేయకుండా బయటికి వచ్చి రోడ్డుమీద పది నిమిషాలు నిలబడ్డాను. నాకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఒకటి, మూడు వారాలుగా నన్ను ఏడిపిస్తున్న జబ్బుకు సగం కారణం ఈ నూనె. ఒట్టి నూనె పెద్దగా చెరపదు, కానీ దానికి ఇనుప పొడి అంటుకుని ఆ సందులో నల్లటి బురదలా పేరుకుంటోంది. రెండోది, పదిమందిలో లాటరీ అని ఎగతాళి చేసే ఆ డబ్బా మీదే ఈ పెద్దమనిషి ఆశంతా పెట్టుకున్నారు. గీతలు మసకేశాయి. అంకెలైతే చెయ్యంత ఉన్నాయి. అవి నిలబడితే ఆయన నిలబడతారు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేరు, అందుకని రోజూ పొద్దున్నే ఎవరూ రాకముందు, తనకు తెలిసిన వైద్యం తను చేస్తున్నారు. తెలిసిన వైద్యం నూనె. నలభై ఏళ్ళుగా ఏ యంత్రానికైనా అదే వేశారు, ఏ యంత్రమూ ఆయన్ని మోసం చేయలేదు.

ఎలా చెప్పాలి? నూనె వేయొద్దంటే, వేస్తుండగా చూశానని ఒప్పుకున్నట్టే. (ఇరవై ఒక్కేళ్ళ వయసులో నాకు తెలివి కంటే నోరు ముందుండేది. ఆ రోజు మాత్రం దేవుడు నోటికి కాపలా పెట్టాడనుకుంటాను.) మధ్యాహ్నం అన్నాల దగ్గర, లేతులవాళ్ళు లేనప్పుడు, మా బాపు గొంతు తెచ్చుకుని అన్నాను.

"ఉస్తాద్, ఈ స్కేళ్ళకు పత్యం పెట్టాలె."

"పత్యమా?"

"అవ్. నూనె పడదు వీటికి. గాలికి ఎగిరొచ్చిన చుక్క పడ్డా తబియత్ ఖరాబ్ అయితది. రేపటి సంది ఎవ్వరు నూనెబుడ్డి దగ్గరికి తేకుండ మీరే చూడాలె. నేను చెప్తే ఎవరు ఇనరు."

ఉస్తాద్ చేతిలోని రొట్టెముక్క అలాగే పట్టుకుని నన్ను చూశారు. ఆ తర్వాత, "గట్లనా. నాకు ఎరుక లేదు బేటీ," అన్నారు మెల్లగా. "సరే, ఇగ నేను చూస్త." ఆ సాయంత్రానికల్లా లేతులవాళ్ళను పిలిచి, స్కేళ్ళకు మూరెడు దూరంలో ఎవరి నూనెచెయ్యి కనిపించినా వేళ్ళు విరుస్తానని ప్రకటించారు. పాపం వాళ్ళెప్పుడూ అటు వచ్చినవాళ్ళే కాదు.

ఇక మిగతా సగం జబ్బు నాది. ఆనుకునే తీగతో లాభం లేదు, నాలుగు రాగి గీతలకూ నాలుగు తీగలు నేరుగా టంకం పెట్టాలని తేల్చుకున్నాను. సందు లోపలి గీతలు బియ్యపు గింజకంటే సన్నం. పెట్రోలుతో కడిగి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది మెరిపించాను. మొదట బల్ల పైకీ కిందికీ జరిగేది కొలిచే స్కేలు పట్టాను. ఇస్త్రీ పెట్టెలా కాగిన టంకం కడ్డీని అక్కడ ఆనించి, దీర్ఘంగా ఆలోచిస్తూ ఉండిపోయాను. కడ్డీ తీసేసరికి దానితోపాటు రాగి గీత కూడా లేచి వచ్చింది. స్కేలు చచ్చిపోయింది. పొగ కూడా రాలేదు, అంత నిశ్శబ్దంగా.

సారు గదికి వెళ్ళి చెప్పాను. దాచాలనిపించింది, కానీ దాచడానికి దానికి మూరెడు పొడవుంది. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఇంకా రెండున్నాయి కదమ్మా. పలకకు రంధ్రాలు వేయడానికి ఆ రెండు చాలు," అన్నారు. అరిచి ఉంటే ఏడ్చేదాన్ని. అరవలేదు కాబట్టి ఇంటికి వెళ్ళి ఏడ్చాను.

ఆ తర్వాత నాలుగు రోజులు స్కేళ్ళ జోలికే పోలేదు. పాడైపోయిన క్యాలిక్యులేటర్లు, చచ్చిన రేడియోలు తెచ్చుకుని, వాటిలోని సన్నటి గీతలమీద టంకం పెట్టడం నేర్చుకున్నాను. కడ్డీ ఆనించడం, ఒకటి అనేలోపు తీయడం. ఒకటి, తీయి. ఒకటి, తీయి. అమ్మ చూసి, "ఇది చదువా, బొట్టు పెట్టుడా?" అంది. నాలుగో రోజుకు నూరు పెడితే నూరూ నిలిచాయి. అప్పుడు మిగిలిన రెండు స్కేళ్ళూ పట్టుకున్నాను. ఎనిమిది టంకాలు. ఒక్కదానికీ రెండోసారి కడ్డీ ఆనించలేదు. చుట్టూ రాగి వల అల్లిన తీగ సంపాదించి, ఆ వలను మిషన్ ఒంటికి మరతో బిగించాను. పక్క షెడ్డులో వెల్డింగ్ మొదలైనప్పుడల్లా ఉలిక్కిపడే అంకెలు ఉలిక్కిపడటం మానేశాయి. ఎవరి చెయ్యి తగిలి తీగ లాగినా ఆ లాగుడు టంకం దాకా పోకుండా తీగ మెడకు చిన్న పట్టీ వేశాను.

మిగిలింది ఒక్కటే, కూలెంటు నీళ్ళు లోపలికి దిగకుండా ఆ సందు మూయాలి. సైకిల్ ట్యూబు ముక్క పెట్టి చూస్తే పల్చగా ఉండి నిలవలేదు. దళసరిగా, మెత్తగా ఉండే రబ్బరు కావాలి. శనివారం సాయంత్రం మా వంటింట్లో మేకుకు వేలాడుతూ కనిపించింది, కుక్కర్ గాస్కెట్. పాతది తీసి అక్కడ వేలాడేసిందనుకున్నాను. రెండు అంగుళాలు కోసుకున్నాను. మిగతాది గుండ్రంగా సర్ది, కోసింది కనబడకుండా మళ్ళీ మేకుకే తగిలించాను (ఆ పనితనం చూస్తే మా కాలేజీవాళ్ళు గర్వపడేవారు).

మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యాక చర్చి అయ్యగారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. వేటమాంసం కుక్కర్‌లో పెట్టిన అమ్మ, పాత గాస్కెట్ వదులైందని, కొత్తది వేద్దామని మేకు మీదికి చెయ్యి చాపింది. చీకటి వంటింట్లో చూసుకోకుండా బిగించేసింది. అయ్యగారు ముందు గదిలో ప్రార్థన మొదలుపెట్టారు. లోపలినుంచి పాము బుస కొట్టినట్టు సన్నగా బుస్సుమని చప్పుడు. ప్రార్థన సాగుతోంది, బుస సాగుతోంది, విజిల్ మాత్రం రాదు. ఆమెన్ అన్నాక కూడా రాలేదు. అమ్మ వంటింట్లోంచి తొంగి, అందర్నీ వదిలేసి సూటిగా నన్నే చూసింది.

"ఏమే, గాస్కెట్‌ల ముక్క ఏడవోయింది?"

"శంషాబాద్ పోతదమ్మా," అన్నాను. అబద్ధం ఆడటానికి అయ్యగారు అడ్డున్నారు.

మాంసం ఉడికేసరికి మూడు దాటింది. అయ్యగారు రెండు గ్లాసుల మజ్జిగ తాగి, ఓపిక మీద మాకు విడిగా ఒక చిన్న ప్రసంగం చెప్పారు. అమ్మ నాతో ఆ రాత్రంతా మాట్లాడలేదు కానీ, పొద్దున నా సంచిలో ఆ ముక్కను కాగితంలో చుట్టి తనే పెట్టింది. "కోసినంక పారేస్తే పాపం. మంచిగ పెట్టు," అంది.

బుధవారం చెకింగ్ ఆఫీసరు వచ్చాడు. నగరం మనిషి, సన్నగా, బూట్లతో. ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు. బల్లమీద తన మైక్రోమీటరు, పిన్నులు వరసగా పేర్చుకుని, "మొదలుపెట్టండి" అన్నాడు. ఉస్తాద్ బిస్మిల్లా అనుకుని స్విచ్ వేశారు. నేల వణికింది. ఎర్ర అంకెలు వణకలేదు. ఉస్తాద్ హ్యాండిల్ తిప్పుతుంటే అంకెలు ఒకటి వెనక ఒకటి బుద్ధిగా నడిచి, ఆయన ఆపినచోట ఆగాయి. గీతల చక్రం వైపు ఆయన ఒక్కసారి కూడా వంగలేదు. నిటారుగా నిలబడి, డబ్బాను చూస్తూ, నాలుగు రంధ్రాలు వేసి పలక ఇచ్చారు. ఆఫీసరు రంధ్రాల్లో పిన్నులు పెట్టి కొలిచాడు, కాగితం మీద రాసుకున్నాడు, ముఖంలో ఏమీ లేదు. రెండోది. మూడోది. పక్క షెడ్డులో వెల్డింగ్ మొదలైంది. నా గుండె గెంతింది కానీ అంకెలు గెంతలేదు.

ఏడో పలక సగంలో ఉండగా డబ్బా ఆరిపోయింది.

మొత్తం ఆరిపోయింది. మోకాళ్ళమీద కూలబడి తీగలు తడిమాను. టంకాలు గట్టిగా ఉన్నాయి, పట్టీలు గట్టిగా ఉన్నాయి, గాస్కెట్ ముక్క ఉన్నచోటే ఉంది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. తీగ వెంబడి పాక్కుంటూ గోడ దాకా పోయాను. గోడకు డబ్బా ప్లగ్గు లేదు. దాని స్థానంలో ఒక టేబుల్ ఫ్యాన్ ప్లగ్గు ఉంది. ఆ ఫ్యాను ఆఫీసరు వైపు తిరిగి చల్లగా వీస్తోంది. దాని వెనక నిలబడి మా సారు, అతిథి మర్యాదలో మునిగిపోయి, "గాలి తగులుతోందా అండీ?" అని అడుగుతున్నారు.

నేను తలెత్తి ఆయన్ని చూశాను. ఆయన నా చేతిలో ఉన్న డబ్బా ప్లగ్గును చూశారు. గభాలున ఫ్యాను ప్లగ్గు పీకి, "క్షమించండీ" అని డబ్బాకు చెప్పారు.

ప్లగ్గు పెట్టగానే డబ్బా వెలిగింది, కానీ అన్నీ సున్నాలు. బల్ల ఎక్కడుందో అది మర్చిపోయింది. పలక అంచు ఎక్కడుందో మళ్ళీ కనిపెట్టి అక్కడినుంచి లెక్క మొదలుపెట్టాలి. వెంట్రుక వాసి తప్పినా మిగిలిన రంధ్రాలన్నీ తప్పుతాయి. దానికి నా డిప్లొమాలో విద్య లేదు. నేను ఉస్తాద్ వైపు చూశాను.

"పరేషాన్ గాకు బేటీ," అన్నారాయన. జేబులోంచి ఉర్దూ పేపరు ముక్క తీసి సన్నగా చించారు. దాన్ని పలక అంచుకూ మిషన్‌లో బిగించిన గుండ్రటి కడ్డీకీ మధ్య పెట్టి, ఒక చేత్తో కాగితాన్ని మెల్లగా ఆడిస్తూ, రెండో చేత్తో హ్యాండిల్‌ను తిప్పీ తిప్పనట్టు తిప్పసాగారు. కళ్ళు మూసుకున్నారు. ఆ పనికి ఆయనకు కళ్ళతో అవసరం లేదు. కాగితం ఆడుతోంది, ఆడుతోంది, ఒక్కచోట పట్టుకున్నట్టయింది.

"ఇగో. ఇప్పుడు ఒత్తు."

నేను సున్నా బొత్తాం నొక్కాను. రెండో వైపు కూడా అలాగే. ఆయన చెప్పడం, నేను నొక్కడం. ఆయన వేలు చెప్పింది నా తీగ మోసుకెళ్ళి డబ్బాకు అప్పజెప్పింది. మళ్ళీ పని మొదలైంది. ఏడో పలక పూర్తయింది, ఎనిమిది, తొమ్మిది, పది.

ఆఫీసరు ఏడో పలకను రెండుసార్లు కొలిచాడు. తర్వాత మొదటి పలకను మళ్ళీ తీసి దాని పక్కన పెట్టి కొలిచాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు. "పదీ సరిగ్గా ఉన్నాయి. ఇవే స్కేళ్ళు మా దగ్గరా ఉన్నాయి, వారం కూడా నడవలేదు. అటకమీద పడేశాం. మీకు ఈ వైరింగ్ ఏ కంపెనీవాళ్ళు చేశారు?"

సారు నోరు తెరిచారు. కానీ ఉస్తాద్ ముందే అందుకున్నారు. తుడిచిన చేతిని నా వైపు చూపిస్తూ, "కంపెనీ గింపెనీ లేదు సాబ్. మా ఇంజినీర్ బేటీ చేసింది," అన్నారు. బాపు నూరుసార్లు అన్న మాటే. కానీ ఆయన సూది చేతిలో పట్టుకుని అనేవాడు. ఉస్తాద్ చేతిలో అప్పుడు ఏమీ లేదు.

ఆ ఆఫీసరు అటకమీది స్కేళ్ళు మర్నాటికే మా షెడ్డుకు వచ్చాయి. ఆ తర్వాత కాటేదాన్ వైపునుంచి కూడా జనం సంచుల్లో స్కేళ్ళు వేసుకుని వచ్చేవారు. అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మాత్రం, అందరూ వెళ్ళిపోయాక, ఉస్తాద్ సైకిల్ స్టాండు తీస్తూ, నా వైపు చూడకుండానే అన్నారు.

"బేటీ, మీ బాపును జర అడుగు. దవాఖానకు కండ్ల డాక్టర్ ఏ రోజు వస్తడో."

"అడుగుత ఉస్తాద్," అన్నాను. అంతకుమించి ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మా షెడ్డు ముందే రాజేంద్రనగర్ బస్సు ఆగేది. చెయ్యెత్తితే చాలు. ఆ రోజు నేను చెయ్యెత్తలేదు. బస్సును పోనిచ్చి, బెంగుళూరు రోడ్డు వెంట శంషాబాద్ బజారు ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచాను. ఊరంతా నన్ను చూడాలనిపించింది. ఎవరైనా ఆపి, ఏమ్మా ఇయ్యాల ముఖం గట్ల వెలుగుతుంది అని అడిగితే చెబుదామని మొత్తం కథ మనసులో వరసగా పేర్చుకున్నాను. ఎవరూ ఆపలేదు. ఎండుమిరపకాయల దుకాణం దాటాను, చెప్పులు కుట్టేచోటు దాటాను. చూడలేదేమోనని వెనక్కి తిరిగి మళ్ళీ అదే దారిన వచ్చాను. చివరికి జామకాయలమ్మే ఆమె ఒక్కతే తలెత్తింది.

"ఏంది బిడ్డా, రెండు చుట్లు కొడుతున్నవ్? బస్సు దొరకలేదా?"

"దొరకలేదక్కా," అన్నాను. అంత పెద్ద కథను ఆ ఒక్క మాట కింద దాచేసి ఒక జామకాయ కొనుక్కున్నాను.

ఇప్పుడు అటు వెళ్ళాలంటే కారులోనే, వంతెన మీదుగా. కిందున్న మనుషులు కనిపించరు, కనిపించేలోపు దాటిపోతాం. పోయినేడు మా ఆఫీసులో పాతికేళ్ళు నిండాయని నాకు శాలువా కప్పారు, ఫొటోలు తీశారు, చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు. కార్యక్రమం కాగానే ట్రాఫిక్ పెరుగుతుందని శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, లిఫ్టు దాకా పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాను. లిఫ్టులోని అద్దంలో నన్ను నేను చూసుకుంటే నవ్వొచ్చింది. ఆ జామకాయ కొరుక్కుంటూ, మూడో చుట్టు కూడా కొడితే బాగుండునా అని ఆలోచిస్తూ నిలబడ్డ పిల్ల, ఈ పెద్దావిడ తొందర చూస్తే ఏమనుకునేదో.